పొద్దున రేడియోలో అతిథి చేత దేవుడి గురించి మాట్లాడించాలా?

"పొద్దున్నే వచ్చే రేడియో షోలకు సినిమావాళ్లను పిలిచి, మధ్యలో ఆధ్యాత్మిక విషయాలు మాట్లాడిస్తున్నారు. ఇది మీకు నచ్చుతుందా? గుర్తుండిపోయిన అనుభవం ఏదైనా ఉందా?" అని అడిగారు.

నచ్చుతుంది, కానీ ఒక షరతు మీద. వచ్చిన అతిథి చేత పద్యం చదివించండి, ఇష్టమైన పాటలు ఎంచుకోమనండి, చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో ఎలా తెల్లవారేదో చెప్పమనండి. "మీ దృష్టిలో జీవితం అంటే ఏమిటి సర్?" అని మాత్రం అడగకండి. నేను పొద్దున నాలుగున్నరకు లేచి, రేడియో పక్కన నిలబడి పని చేసుకునే మనిషిని. చిన్నప్పుడు నాన్న హోటల్లో, ఇప్పుడు నా టిఫిన్ సెంటర్లో, మొత్తం నలభై ఏళ్లకు పైగా ఇదే వరస. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పు కాదని గట్టిగా నమ్ముతాను.

మాది తెనాలి. నాన్నకు రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో కాఫీ హోటల్ ఉండేది. ఆరు బల్లలు, ఒక గల్లాపెట్టె. దాని పైన గోడకు కొట్టిన చెక్క మీద మర్ఫీ రేడియో. నూనె పొగ పట్టకుండా అమ్మ దానికి గుడ్డ తొడుగు కుట్టింది. రేడియో పెట్టేటప్పుడు ముందువైపు గుడ్డను పైకి మడిచేవాళ్లం. ముల్లు ఎప్పుడూ విజయవాడ మీదే ఉండేది. దాన్ని తిప్పే హక్కు నాన్నకు తప్ప ఇంకెవరికీ లేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. నాన్న పుట్టింది ఆ తర్వాతి సంవత్సరమే. అందుకని ఆ స్టేషన్ తనకు అన్నలాంటిదని అనేవాడు.

మా హోటల్లో గోడ గడియారం ఉండేది కానీ దాన్నెవరూ చూసేవాళ్లు కాదు. పని మొత్తం రేడియోతోనే నడిచేది. ఆకాశవాణి ప్రారంభ సంగీతం వినపడేసరికి పొట్టు పొయ్యి రాజుకుని ఉండాలి. వందేమాతరం అయ్యేలోపు బాయిలర్‌లో నీళ్లు మరగాలి. భక్తిరంజని మొదలవగానే మొదటి వాయి ఇడ్లీ పొయ్యి మీదికి. రెండు కీర్తనలు అయితే వాయి దిగుతుంది. ఆరూ యాభై ఐదుకు "ఇయమ్ ఆకాశవాణీ" అని సంస్కృత వార్తలు వచ్చేసరికి రైలు దిగిన జనం లోపలికొచ్చేవాళ్లు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా "బలదేవానంద సాగరః" అన్న వార్తలు చదివే ఆయన పేరు మా సప్లయర్ కుర్రాళ్లందరికీ నోటికొచ్చు. వార్తల ముందు పడే పిప్ పిప్ చప్పుళ్లకు నాన్న గోడ గడియారం సరిచేసేవాడు. అదొక్కటే ఆ గడియారానికి ఉన్న పని.

భక్తిరంజనిలో ఎవరూ ఉపదేశం చేసేవారు కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు కీర్తన వస్తుంది, శ్రీరంగం గోపాలరత్నం పాడతారు, వోలేటి వెంకటేశ్వర్లు పాడతారు. పాట ముందు పాడినవాళ్ల పేరు చెబుతారు, అంతే. వీళ్లంతా ఆ రోజుల్లో ఎంత పెద్దవాళ్లో నాకు తెలియదు. మా హోటల్‌కు రోజూ వచ్చే పాల రిక్షా ఆయనకూ తెలియదు. కానీ గోపాలరత్నం పాడుతుంటే ఆయన గ్లాసు కింద పెట్టడం నేను చూశాను. సెలబ్రిటీ అన్న మాట అప్పుడు లేదు కానీ అతిథి ఉండేవాడు. రోజుకొకరు. వచ్చి తన పని తాను చేసి వెళ్లేవాడు.

ఆ మాటకొస్తే ఆ ప్రారంభ సంగీతం సంగతి కూడా చెప్పాలి. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. 1930లలో యూరప్ విడిచి బొంబాయి వచ్చి, అక్కడి రేడియో కేంద్రంలో పనిచేశారు. తంబూరా మీద వయొలిన్. మాటలు లేవు, దేవుడి పేరు లేదు. మా అమ్మ మాత్రం అది వినపడగానే చెయ్యి తుడుచుకుని తూర్పు వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేది. ఆయన ఏ మతం మనిషో అమ్మకు తెలియదు. తెలిసినా పెట్టుకునేదే.

మాటలతో చెప్పినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఉషశ్రీ గారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణం, భారతం చెబుతుంటే మా హోటల్లో భోజనం బల్లల దగ్గర సాంబారు వడ్డించే కుర్రాడు గరిటె ఎత్తి అలా నిలబడిపోయేవాడు. జనం రాసిన ధర్మసందేహాలకు జవాబులు కూడా చెప్పేవారు. కానీ ఆయన ఆ పనికే పుట్టిన మనిషి. పురాణం చదివి, వంట పట్టించుకుని, తన గొంతులో తాను చెప్పారు. నేను గొడవపడేది ఆ అర్హత లేకుండా మైకు ముందు కూర్చుని జీవిత సత్యాలు చెప్పేవాళ్లతో. ఉషశ్రీ గారు 1990లో పోయారు. ఆ రోజు నాన్న మధ్యాహ్నం హోటల్ కట్టేశాడు. మా ఇంట్లో చావు జరిగినప్పుడు తప్ప ఆయన హోటల్ కట్టెయ్యడం అంతకుముందు చూడలేదు.

ఇప్పుడు నా సంగతి. 2004లో హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో టిఫిన్ సెంటర్ పెట్టాను. ఇక్కడ ఆకాశవాణి వచ్చే మీడియం వేవ్ పట్టడం పెద్ద యాతన. షాపులో ట్యూబ్‌లైట్లు, గ్రైండర్ మోటారు, పక్క షాపు ఇన్వర్టర్, అన్నీ కలిసి రేడియోలో గరగరలాడతాయి. దాంతో ఎఫ్ఎంకు మారాను. 2006 తర్వాత ప్రైవేటు స్టేషన్లు వచ్చి పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా ఒకటే హడావిడి. అప్పట్లో నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు అవే ఇష్టం. నేనూ వద్దనలేదు.

ఆ షోల గురించి ఒక మాట. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదని ప్రభుత్వ నిబంధన. ఆ నిబంధన పెట్టినవాళ్లు మా చెవుల గురించి ఆలోచించలేదు. నాలుగు గంటల షోలో వార్త లేకపోతే దేనితో నింపుతారు? ట్రాఫిక్, సినిమా కబుర్లు, ఫోన్‌లో ఆటపట్టించడం, రాశిఫలాలు. రాశిఫలం చివర ఏ రంగు చొక్కా వేసుకోవాలో చెబుతారు. మా సప్లయర్ కుర్రాడు ఒకడు ఆకుపచ్చ చొక్కా లేదని ఒక రోజు పనికే రాలేదు. ఇక ఉచ్చారణ సంగతి తలుచుకుంటే టెన్షన్ వస్తుంది. "కల్యాణం" అనాల్సింది "కల్యానం", "శివుడు" అనాల్సింది "సివుడు". పల్లెటూరి మనిషి అంటే అది వాళ్ల యాస, నాకు ముద్దు. నెలకు జీతం తీసుకుని మాట్లాడే మనిషి అంటే ఊరుకోలేను.

మీరు అడిగిన అనుభవం 2012 కార్తీక మాసంలోది. సోమవారం. కార్తీక సోమవారం అంటే మాకు పని ఎక్కువ, అమ్మకం తక్కువ. సగం మంది ఉపవాసం. మిగతా సగం "ఉల్లిపాయ వద్దు" అంటారు. ఉల్లి తగిలిన పెనం మీద అట్టు వేస్తే ఒప్పుకోరు కాబట్టి రెండు పెనాలు పెట్టాలి, రెండు అట్లకాడలు విడిగా ఉంచాలి. ఆ రోజు ఎనిమిదిన్నర దాటింది. ఒక పెద్ద స్టేషన్‌లో ఉదయం షోకు ఒక నటుడు అతిథిగా వచ్చారు. ఆయన పేరూ స్టేషన్ పేరూ రాయను. నాటకాల నుంచి సినిమాల్లోకి వచ్చిన పెద్దాయన. తండ్రి వేషాలు, ఊరి పెద్ద వేషాలు వేసేవారు. ఏదో కొత్త సినిమా ప్రచారానికి తీసుకొచ్చినట్టున్నారు.

కుర్ర ఆర్జే ముందు సినిమా గురించి అడిగాడు. తర్వాత గొంతు కాస్త తగ్గించి, వెనకాల వేణువు చప్పుడు పెట్టి, "సర్, ఈరోజు కార్తీక సోమవారం. మా లిజనర్స్‌కి ఒక స్పిరిచువల్ మెసేజ్ ఇవ్వండి" అన్నాడు. నేను గల్లాపెట్టె దగ్గర చిల్లర లెక్కపెడుతూ, వస్తోంది ఇంకో ప్రవచనం అనుకున్నాను. అంతకు వారం ముందే ఇంకో హీరో వచ్చి పాజిటివ్ ఎనర్జీ గురించి ఐదు నిమిషాలు మాట్లాడి వెళ్లాడు. అందులో ఏం చెప్పాడో పది మందిని అడిగినా ఒక్కరూ చెప్పలేకపోయారు.

పెద్దాయన మాత్రం, "మెసేజ్‌లు ఇచ్చేంత వాణ్ని కాదు నాయనా. పద్యం ఒకటి చదవనా?" అన్నారు. ఆర్జే "వావ్ సర్, షూర్" అన్నాడు. పెద్దాయన "ఆ చప్పుడు తీసెయ్యండి" అన్నారు. వేణువు ఆగిపోయింది.

గజేంద్రమోక్షంలో "లావొక్కింతయు లేదు" పద్యం ఎత్తుకున్నారు. హార్మోనియం లేదు, శ్రుతిపెట్టె లేదు. స్టేజీ మీద చదివే పద్ధతిలో రాగం తీశారు కానీ వెయ్యి మంది జనానికి వినపడేట్టు కాదు. ఎదురుగా ఉన్న ఒక్క మనిషికి చెప్పుకుంటున్నట్టు. బలం లేదు, ధైర్యం జారిపోయింది, ప్రాణాలు చోటు తప్పాయి అని ఏనుగు మొరపెట్టుకునే చోట గొంతులో కొంచెం వణుకు వచ్చింది. అది నటన కావచ్చు. నాకు మాత్రం ఆయన వయసు వినపడింది.

మా వంటగదిలో పిండి రుబ్బే ఆవిడ ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. అందరం అత్త అనేవాళ్లం. ఆమె లేచి గ్రైండర్ స్విచ్ కట్టేసింది. పదకొండు గంటలదాకా ఆగకూడని గ్రైండర్ అది. మాస్టర్ పెనం మీద పెసరపిండి గరిటెతో సగం తిప్పి ఆగాడు. ఆ అట్టు ఒక పక్క పల్చగా, ఒక పక్క ముద్దగా ఉండిపోయి అంచు నల్లబడింది. పార్సిల్ కోసం నిలబడ్డ ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు చెవుల్లోంచి తీగలు తీశారు. నేను చెబుతున్నది ఒక నిమిషం లోపు సంగతి. కూకట్‌పల్లిలో పొద్దున ఎనిమిదిన్నర తర్వాత అంత నిశ్శబ్దం నా షాపులో మళ్లీ రాలేదు.

మూడు పాదాలు అయ్యాయి. నాలుగో పాదం. ఆ పద్యం తెలిసినవాళ్లు అందరూ ఎదురుచూసేది ఆ పాదం కోసమే. మూడు పాదాల దైన్యం అంతా ఒక పిలుపు కోసం. ఆయన ఊపిరి తీసుకున్నది కూడా వినపడింది. "రావే..." అన్నారు.

ప్రకటన పడింది. ప్లాట్ల ప్రకటన. గజం ఇంత, బుకింగ్ ఇంత, ఉచిత సైట్ విజిట్.

ఏం జరిగిందో ముందు మాకెవరికీ అర్థం కాలేదు. స్టేషన్ మారిందేమో అని మాస్టర్ రేడియో వైపు వెళ్లాడు. అత్త వంటగది గుమ్మంలోకి వచ్చి, పిండి చేతులు అలాగే పట్టుకుని, "ఏటి బాబూ, ఆపీసినారేటి?" అంది. ప్రకటన అమ్మా, అయిపోగానే మళ్లీ చదువుతారులే అన్నాను. ప్రకటనలు వరసగా నాలుగో ఐదో వచ్చాయి. తర్వాత ఆర్జే వచ్చి "వావ్, గూస్‌బంప్స్ సర్!" అని, అదే ఊపిరిలో సినిమా పాట వేశాడు.

అప్పుడు అత్త గుమ్మంలో నిలబడే చెప్పింది. రాగం లేదు, ఎత్తుగడ లేదు. మనవణ్ణి పిలిచినట్టు మామూలుగా, "రావే ఈశ్వర, కాపాడవే వరద, సంరక్షింపు భద్రాత్మకా" అని పూర్తి చేసి లోపలికి వెళ్లి గ్రైండర్ వేసింది. ఆమె బడికి వెళ్లలేదు. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసేది. తర్వాత అడిగితే, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో దాసు గారు హరికథ చెప్పేవారని, ఏటేటా వింటే అదే వచ్చేసిందని అంది. పుస్తకంలో ఉన్నది "కావవే". ఆమె అన్నది "కాపాడవే". గణాలు లెక్కపెడితే తప్పే. బల్ల దగ్గర రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఇడ్లీ తింటున్నారు, వ్యాకరణం విషయంలో నా మెనూ బోర్డునే వదిలిపెట్టని మనిషి. ఆయన కూడా తల వంచుకుని తిన్నారు తప్ప ఏమీ అనలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. షో నంబరుకు ఫోన్ చేశాను. పదిహేను సార్లు చేస్తే దొరికింది. ఒకమ్మాయి ఎత్తి "ఏ సాంగ్ కావాలి సర్?" అంది. పాట వద్దమ్మా, ఆ పద్యం ఆఖరి పాదం కావాలి, ఆయన ఇంకా అక్కడే ఉంటే చదివించండి అన్నాను. పాపం ఆ పిల్ల నెమ్మదిగానే మాట్లాడింది. "ప్రకటనల టైమ్ ముందే కంప్యూటర్లో సెట్ అయి ఉంటుంది సర్, ఆ టైమ్‌కి అదే పడిపోతుంది" అంది. మరి పద్యం మధ్యలో ఉన్నప్పుడు పది సెకన్లు ఆపడానికి మనిషి ఉండడా అని అడిగాను. సార్‌ని అడిగి చెబుతాను అని లైన్ కట్టేసింది. మళ్లీ ఎవరూ చెప్పలేదు.

నా కోపం ఆ అమ్మాయి మీద కాదు, ఆ కుర్రాడి మీద కూడా పెద్దగా లేదు. ఆ పద్యానికి నాలుగో పాదం ఉందని వాడికి తెలిసి ఉంటే బటన్ దగ్గర చెయ్యి పెట్టి కూర్చునేవాడు. తెలియదు కాబట్టే గూస్‌బంప్స్ అన్నాడు. ఆధ్యాత్మికం అని పేరు పెట్టి ఒక భాగం నడిపేటప్పుడు, అక్కడ కూర్చున్న మనిషికి పద్యం ఎక్కడ ముగుస్తుందో, కీర్తనలో చరణం ఎక్కడ అయిపోతుందో తెలిసి ఉండాలి. ఇది కనీసం. ఇడ్లీకి ఆవిరి పట్టిందో లేదో తెలియనివాణ్ని పొయ్యి దగ్గర నిలబెట్టను కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి. వివిధభారతిలో జనరంజని అని వచ్చేది. సినిమావాళ్లే వచ్చి, తమకు నచ్చిన పాటలు తామే పరిచయం చేసేవారు. నా లెక్కలో సెలబ్రిటీని రేడియోకు పిలిచే సరైన పద్ధతి అదే. పాట ఎంచుకోవడంలోనే ఆ మనిషి బయటపడిపోతాడు. పెద్ద హీరో ఒకాయన తెర మీద ఎన్ని డైలాగులు చెప్పినా తెలియని సంగతి, తనకిష్టమని ఒక జోలపాట వేయించుకుంటే తెలిసిపోతుంది. ఉదయం షోలో కూడా అలా చేయించండి. వచ్చినవాళ్లను మీ ఇంట్లో పొద్దున్నే ఏం వినపడేది అని అడగండి. ఒకరు సుప్రభాతం అంటారు, ఒకరు మసీదు నుంచి వచ్చే అజాన్ అంటారు, ఒకరు చర్చి గంట అంటారు, ఒకరు అమ్మ కళ్లాపి చల్లే చప్పుడు అంటారు. అది చెప్పిన తర్వాత ఎవరూ వాళ్లను మెసేజ్ అడగరు.

ఇప్పుడు షాపులో మళ్లీ విజయవాడే పెడుతున్నాను, ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా. గరగర లేదు, శుభ్రంగా వస్తుంది. ఒకటే ఇబ్బంది, నెట్‌లో కదా, రేడియో కన్నా కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది. నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. పిప్ పిప్ వినపడగానే అలవాటు ప్రకారం గోడ గడియారం వైపు చూసి, "ఇది ఆలస్యంగా కొడుతోందిరా" అంటాడు. యాప్‌ను నమ్మి గడియారం ముల్లు ఇంతవరకు ముట్టుకోలేదు.

అత్త 2020 లాక్‌డౌన్‌లో ఊరెళ్లింది. మోకాళ్ల నొప్పులు, మళ్లీ రాలేదు. కార్తీకంలో ఒకసారి ఫోన్ చేస్తుంది. పోయిన ఏడు కూడా అడిగింది, "ఆ బాబు ఆ పద్యం మరి చదవనేదా?" అని.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఆ స్టేషన్‌లో అప్పట్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, 2012 కార్తీక సోమవారం ఉదయం స్టూడియోలో చేసిన రికార్డు ఎక్కడైనా ఉందేమో చూడండి. గాల్లోకి వెళ్లింది మూడు పాదాలే కానీ ఆ పెద్దాయన మైకు కట్టేశారని పద్యం మధ్యలో ఆపే మనిషి కాదు. స్టూడియోలో నాలుగో పాదం కూడా చదివే ఉంటారు. ఆ పది సెకన్లు దొరికితే నాకు మెసేజ్ పెట్టండి. అత్తకు ఫోన్‌లో వినిపిస్తాను.